థింసా కూడా పనే

విశాఖలో నేను సభ్యురాలిగా ఉన్న ఒక క్యాంపింగ్ క్లబ్బు ఏటా చలికాలంలో అరకులో మూడు రోజుల వార్షిక సమావేశం జరుపుతుంది. ఊరి చివర మైదానంలో గుడారాలు, పగలు కొండలెక్కడం, రెండో రాత్రి మంట చుట్టూ థింసా, మూడో రోజు ఉదయం సర్వసభ్య సమావేశం. ఈసారి ఆ సమావేశంలో నేనొక తీర్మానం పెట్టాను. థింసా ఆడటానికి వచ్చే స్త్రీలతో క్లబ్బు నేరుగా మాట్లాడి కూలీ, వేళ, షరతులు రాసుకోవాలనీ, వాళ్లు పిలవకుండా సభ్యులెవరూ ఆటలో దూరకూడదనీ. తీర్మానం వీగిపోయింది. "సరదా కోసం వచ్చిన చోట కూడా ఈ ఉద్యమాలేంటండీ" అన్నారు. వీగిపోయింది కాబట్టే ఇక్కడ రాస్తున్నాను.

ముందురోజు రాత్రి జరిగింది వింత సంఘటనేమీ కాదు. థింసాలో స్త్రీలు ఒకరి వెనక నుంచి ఒకరు చేతులు పెనవేసుకుని గొలుసులా నిలబడతారు. వాయిద్యాలు మోగుతుంటే ఆ గొలుసు తెగకుండా మెలికలు తిరుగుతూ అడుగు కలపాలి. చైత్రంలో ఇటుకల పండుగకీ, పెళ్లిళ్లకీ తమ కోసం తాము ఆడుకునే ఆట అది. మా మంట దగ్గర రెండు పాటలయ్యేసరికి మా మగ సభ్యులు నలుగురు గ్లాసులు పక్కన పెట్టి ఆ గొలుసు మధ్యలోకి దూరారు. ఆటలో చేతులు నడుం వెనకే ఉంటాయి కనక ఆ చేతులు ఏం చేస్తున్నాయో ఎవరూ చూడనట్టే ఉన్నారు. చుట్టూ సెల్‌ఫోన్లు వీడియోలు తీస్తున్నాయి. పది గంటలకి ఆపాల్సిన ఆట "ఇంకొక్కటి, ఇంకొక్కటి" అంటూ పదకొండున్నర దాటింది.

ఆటయ్యాక నీళ్లు తాగుతున్న ఒకామెని అడిగాను. "సెయ్యి తియ్ బాబూ అంటే ఆటలో అంతే కదా అంటాడమ్మా. ఏటంటాం? మళ్లీ పిలవరని బయం" అంది.

మేం దళారికి ఇచ్చింది పదివేలు. ఆడిన పద్నాలుగు మంది స్త్రీలకి మనిషికి 300 చొప్పున ముట్టింది. వాయించిన ఐదుగురు మగవాళ్లకి 500 చొప్పున. మిగతాది దళారి జేబులో పడింది. తిరిగి వెళ్లడానికి బండి మాట ఎవరికీ గుర్తురాలేదు. ఆ చలిలో ఐదు కిలోమీటర్లు నడిచి వెళ్లారు. మా క్లబ్బులో ఒక నియమం ఉంది: భద్రత దృష్ట్యా రాత్రి పది దాటాక స్త్రీలు గుడారాల దగ్గర నుంచి కదలకూడదు. ఆ నియమం చదివి వినిపించిన పెద్దమనిషే "ఇంకొక్కటి" అని అరిచినవాళ్లలో ముందున్నాడు.

"మనం ఉపాధి ఇస్తున్నాం కదా" అన్నాడు కోశాధికారి. ఉపాధి అయితే పని గంటలుండాలి కదా అంటే, "ఇది సంస్కృతి, దాన్ని కూలీతో కొలవకూడదు" అన్నాడు. సంస్కృతి అయితే తాగి అందులో దూరొచ్చా అంటే మళ్లీ ఉపాధి దగ్గరికే వచ్చాడు. ఇంకో పెద్దాయన మరీ ఉదారంగా, అసలు థింసా కార్యక్రమమే రద్దు చేద్దామన్నాడు. నేను ఒప్పుకోలేదు. రద్దు చేస్తే పోయేది ఆ మూడు వందలే. ఆట మానాలని వాళ్లెవరూ అనలేదు. నడుం మీద చెయ్యి మానాలన్నారు. స్త్రీకి అన్యాయం జరిగిన ప్రతిచోటా ఆమె పనినే తీసేసే ఈ సంస్కరణ మనకి బాగా తెలిసిందే.

మైదానం మాట కూడా చెప్పాలి. ఏజెన్సీలో గిరిజనేతరులకి భూమి అమ్మినా కౌలుకిచ్చినా చెల్లదని 1970 నుంచి 1/70 చట్టం ఉంది. మేం అద్దె కట్టింది మాత్రం మైదాన ప్రాంతం నుంచి వచ్చిన ఒక వ్యాపారికి. ఆ భూమి ఎవరిదని సభలో అడిగితే నవ్వారు.

మా సభ్యుల్లో ఇద్దరు తమ ఆఫీసుల్లో లైంగిక వేధింపుల ఫిర్యాదుల కమిటీల్లో ఉన్నారు! 2013 చట్టం ఆఫీసు గోడల దగ్గర ఆగదని వాళ్లకి తెలియకపోవడం నేను నమ్మను. రోజుకూలీ అయినా, దళారి ద్వారా వచ్చినా ఆ చట్టం దృష్టిలో ఆమె ఉద్యోగే. పని మీద వెళ్లిన ఏ చోటైనా పనిస్థలమే. అసలు దీని మూలం ఏ ఆఫీసులోనూ లేదు. 1992లో రాజస్థాన్ పల్లెలో బాల్యవివాహాన్ని ఆపబోయిన కార్యకర్త భన్వరీదేవి మీద జరిగిన అత్యాచారంలో ఉంది. దాని వెంటే 1997లో సుప్రీంకోర్టు విశాఖ మార్గదర్శకాలు వచ్చాయి. పదిమందిలోపు పనివాళ్లుండి కమిటీ లేని చోట్లకీ, యజమాని మీదే ఫిర్యాదైనప్పుడూ జిల్లాలో స్థానిక కమిటీ ఉండాలి. గిరిజన ప్రాంతాల్లో ఫిర్యాదు తీసుకోవడానికి మండల స్థాయిలో ఒక అధికారిని నియమించాలి. గడువు మూడు నెలలు. రాయలేని వాళ్లకి రాయడంలో సాయం చేయడం కమిటీ బాధ్యత. అల్లూరి సీతారామరాజు జిల్లా కేంద్రం పాడేరు. అక్కడ ఆ కమిటీ పేర్లు, చిరునామా ప్రతి గ్రామ సచివాలయం గోడ మీదా, ప్రతి రిసార్టు గేటు దగ్గరా తెలుగులో రాయించాలని మన సంఘం అడగాలి. ఫిర్యాదు చేయాలా వద్దా అన్నది ఆ స్త్రీల ఇష్టం. చిరునామా మాత్రం వాళ్ల కళ్లెదుట ఉండాలి.

క్లబ్బు వచ్చే ఏడాదికి దళారికి అప్పుడే బయానా ఇచ్చేసింది. రసీదు చూశాను. "థింసా, ఒక రాత్రి" అని ఉంది. ఎంతమందో, ఎన్ని గంటలో, మనిషికెంతో అందులో లేదు.