వేలిముద్ర విలువ

చదువురానివాడు నిశానీ వేయును, చదివినవాడు సంతకము చేయును అను భేదము మన పల్లెలలో నిన్నమొన్నటి వరకు ఉండెడిది. ‘వేలిముద్రగాడు’ అనుట ఒక ఎత్తిపొడుపు. ఆ భేదమును కాలము తుడిచివేసినది. రేషను బియ్యమునకైనను, సిమ్ కార్డునకైనను, బ్యాంకులోని సొమ్మునకైనను ఇప్పుడు పట్టభద్రుడును, పాలేరును ఒకే యంత్రముపై వ్రేలు పెట్టుచున్నారు. రాత్రిబడిలో కూర్చుండి సంతకము నేర్చుకొన్న వృద్ధులు ఈ మార్పును చూచి ఏమనుకొందురో!

అందరి వ్రేళ్లును తాళపుచెవులైన పిమ్మట దొంగచూపు వానిపై పడుట వింత కాదు. 2018లో పెద్దపల్లి జిల్లాలో బయటపడిన ఉదంతము ఇందుకు తార్కాణము. ఒక సిమ్ కార్డుల వర్తకుడు భూముల రిజిస్ట్రేషను దస్తావేజులను ప్రభుత్వ వెబ్‌సైటునుండి దించుకొని, వానిపైనున్న వేలిముద్రలకు రబ్బరు నకళ్లు తయారుచేసి, వేలకొలది సిమ్ కార్డులకు ప్రాణము పోసెనని పోలీసులు వెల్లడించిరి. ఇందులో మోసపోయినవారు చేసిన పొరపాటేమి? వారు ఎవరికిని ఓటీపీ చెప్పలేదు, ఏ లింకును నొక్కలేదు. భూమి కొన్నారు, లేదా అమ్మినారు, అంతియే. జాగ్రత్తగా ఉండుడని ప్రజలకు హితవు చెప్పెడివారు ఈ సంగతిని మరచుచున్నారు. దస్తావేజును పదిమందికిని కనబడునట్లు ఉంచినది కార్యాలయమే గాని కాపు కాదు.

తరువాత ఇదే ఉపాయము ఆధార్‌తో సొమ్ము తీయు పద్ధతికిని ప్రాకినది. అక్కడ బ్యాంకు పేరు, పండ్రెండంకెల సంఖ్య, వేలిముద్ర ఉన్న చాలును. ఓటీపీతో పని లేదు. పాస్‌వర్డు దొంగల పాలైనచో మరియొకటి పెట్టుకొనవచ్చును. బొటనవ్రేలిని మార్చుకొనుట ఎట్లు? ఆధార్ సంస్థ వేలిముద్రకు తాళము వేసికొను వీలును తన వెబ్‌సైటులోను, యాప్‌లోను కల్పించినది. ఉద్యోగికి అది సులువే. నెలనెలా రేషనుకో, పింఛనుకో వ్రేలు పెట్టవలసిన ముసలమ్మకు మాత్రము ప్రతిసారియు తాళము తీసిపెట్టు మనుమడొకడు ఇంట నుండవలెను. రక్షణ ఎవరికి ఎక్కువ కావలెనో వారికే అది తక్కువగా అందుచున్నది.

విశ్రాంత న్యాయమూర్తి కె.ఎస్. పుట్టస్వామి వేసిన వ్యాజ్యములో తొమ్మండుగురు న్యాయమూర్తుల సుప్రీంకోర్టు ధర్మాసనము 2017 ఆగస్టు 24న ఆంతరంగికత ప్రాథమిక హక్కని ఏకకంఠముగా తీర్పు చెప్పినది. బడిలో చేర్చుకొనుటకు ఆధార్ తప్పనిసరి కారాదని 2018 సెప్టెంబరులో అదే కోర్టు పలికినది. పదునెనిమిదేండ్లు నిండనివారి వివరములకు తల్లిదండ్రుల సమ్మతి కావలెనని 2023 నాటి చట్టము చెప్పుచున్నది. దాని నియమావళి 2025 నవంబరులో వెలువడినది.

తీర్పు ఢిల్లీలో వెలువడును. దాని పరీక్ష బడి ఆఫీసు గదిలో జరుగును. చేరికల వేళ తల్లిదండ్రులు అడిగినదానికంటె ఎక్కువ జిరాక్సులు ఇచ్చి పోవుచున్నారు. పిల్లల పేర్లు, పుట్టినతేదీలు, ఆధార్ సంఖ్యలు ఒకే పట్టికగా వాట్సాప్ గుంపులో పడుచున్నవి. తప్పులుంటే తెలుపుడని ఉపాధ్యాయుడు సదుద్దేశముతోనే పెట్టును. ఆ పట్టిక నలువది ఇండ్ల ఫోనులలో నిలిచిపోవును. బీరువాలోని జిరాక్సు కట్టలు కొన్నేండ్లకు పాత కాగితములతో కలిసి తూకమునకు పోవుచున్నవి. చివరి నాలుగంకెలు మాత్రమే కనబడు ఆధార్ ప్రతి ఒకటి ఉన్నదనియు, చాలచోట్ల అది సరిపోవుననియు వాటిని ఇచ్చినవారికిని, పుచ్చుకొన్నవారికిని పెక్కుమందికి ఇంకను తెలియదు.