ఏమియు పండని చోటు

గడచిన సంవత్సరము అర్ధసంవత్సర పరీక్షలో ఏడవ తరగతి పిల్లలకు "ఎడారి యనగా నేమి?" అను ప్రశ్న నిచ్చితిమి. ఒక బాలుడు "వాన కురియనిదియు, ఏమియు పండనిదియు నగు ప్రదేశము ఎడారి" అని వ్రాసెను. ఏండ్ల తరబడి మేమందఱము బోధించుచు వచ్చిన వాక్య మదియే. కావున రెంటికి రెండు మార్కులును వేసితిని.

మఱునాటి మధ్యాహ్నము ఆ బాలుడే వసారాలో గోడవైపు తిరిగి కూర్చుండి, డబ్బా మూత సగము తెఱచి, చేయి యడ్డము పెట్టుకొని తినుచుండుట చూచితిని. ఏమి తెచ్చుకొన్నావని యడుగగా మూత మూసివేసెను. ప్రక్కవాడు, "వాడు పుల్లలు తింటాడండీ" అని చెప్పగా పిల్లలందఱును నవ్విరి. ఆ పుల్లలు సాంగ్రీలు, అనగా జమ్మికాయలు. వానితో సజ్జరొట్టె. వాని పెద్దలు మార్వాడ దేశమునుండి మన యూరికి వర్తకమునకై వచ్చినవారు. ఎడారిలో పండినదానిని ఒడిలో పెట్టుకొని తిను బాలుడు ఎడారిలో ఏమియు పండదని వ్రాసెను. నేను మెచ్చి మార్కులు వేసితిని. ఈ వ్యాసమునకు కారణము ఆ రెండు మార్కులే.

చదువుకొన్న మనకు ఎడారి యనగా ఇసుకదిబ్బ, ఒంటె, ఎండమావి. అంతకు మించి తెలియదు. జైసల్మేరు ప్రాంతమున ఏటికి 200 మిల్లీమీటర్లకు లోపుగానే వాన పడుననుట నిజమే. మన సీమలో కఱవునకు పేరుపడిన అనంతపురమున సైతము సుమారు 550 మిల్లీమీటర్లు పడును. అయినను ప్రపంచములోని ఎడారులలో జనసమ్మర్దము మిక్కిలిగా నున్నవానిలో థారు ఒకటి. ఏమియు పండనిచో ఇన్ని లక్షలమంది ఇన్ని శతాబ్దములు ఏమి తిని బ్రతికిరి? ఈ ప్రశ్న ఇరువది యేండ్ల బోధనలో నాకొక్కమాఱును తోచలేదని చెప్పుకొనుటకు సిగ్గగుచున్నది.

వారు నేలను చదివిరి. రాతినేలపై పడిన వాన నిలువక పల్లమునకు జాఱునని కనిపెట్టి, ఆ పల్లమున కడ్డముగా మట్టికట్ట వేసిరి. దానిని ఖడీను అందురు. పదునైదవ శతాబ్దమున జైసల్మేరు ప్రాంతపు పాలీవాల బ్రాహ్మణులు ఈ పద్ధతిని నెలకొల్పిరని ప్రసిద్ధి. ఎక్కడెక్కడి నీరును కట్టవెనుక నిలిచి, మెల్లగా ఇంకి, చలికాలము నాటికి మడి పదునెక్కును. మఱియొక చినుకు పడకున్నను ఆ తేమతోనే గోధుమయు శనగయు పండును. తక్కిన మెట్టలో సజ్జ, గోరుచిక్కుడు, మోఠ్ అను పెసలజాతి పప్పు. ఈ మూడును కలిపి చల్లుదురు. వాన ముందుగా వెనుదీసినచో ఒకటి పోయినను ఒకటి దక్కును. రెండున్నర నెలలలో ముగియు సజ్జ, వాన వచ్చి పోవులోపల తన పని చక్కబెట్టుకొనును.

ఇక జమ్మి. అచ్చట దానిని ఖేజడీ యందురు. చేలమధ్య దానిని నఱకక నిలుపుదురు. దాని క్రింద పైరు బాగుగా పెరుగును, ఆకు పశువులకు మేత. వేరు ఎంతో లోతునకు పోవును గనుక, పచ్చయన్నది కానరాని వైశాఖ జ్యేష్ఠములలోనే ఆ చెట్టు కాయ కాచును. లేతకాయలను కోసి ఉడికించి ఎండబెట్టినచో ఏడాది పొడుగున కూర కుండును. 1730లో ఖేజడ్లీ గ్రామమున ఈ చెట్లను రాజభటులు నఱకవచ్చినపుడు, అమృతాదేవి మొదలుకొని 363 మంది బిష్ణోయీలు చెట్లను కౌగిలించుకొని ప్రాణములు విడిచిరి. మనకును జమ్మి పూజ్యమే. పాండవు లాయుధములు దాచిన చెట్టని దసరానాడు ప్రదక్షిణము చేసి, ఆకును బంగారమని యిచ్చిపుచ్చుకొందుము. తెలంగాణమునకు అదియే రాష్ట్రవృక్షము. రాజస్థానమునకును 1983 నుండి అదియే. కాని మన యింట దాని కాయ పొయ్యికెక్కుట నే నెన్నడును చూడలేదు. ఆకును బంగారమనుచు, కాయను పుల్ల యని నవ్వుచున్నాము!

సంస్కృతము చదివిన నాకు ఇంకొక తప్పు ఒప్పుకొనవలసి యున్నది. నీతిశతకమున భర్తృహరి కరీరమును తలవ్రాతకు దృష్టాంతముగా తెచ్చెను. వసంతము వచ్చినను ఆకు లేని చెట్టది. ఆ శ్లోకమును ఎన్ని తరగతులకో చెప్పి, "పాపము, కరీరము!" అని పిల్లలచేత జాలిపడజేసితిని. ఆకు లేకపోవుట ఆ పొదకు దురదృష్టము కాదు, ఉపాయము. ఆకు ఉన్నచో నీరు ఆవిరియగును. కావున పచ్చనికొమ్మతోనే అది తిండి సంపాదించుకొనును. దాని కాయయే కేర్. వసంతముతో పనిలేకయే కాయు చెట్టుపై జాలి చూపుటకు మన మెవరము?

ఆ బాలుని తల్లిని చూడబోయితిని. ఆమె తెలుగు మనకంటె చక్కగా మాటలాడును. "కేర్ పచ్చిది నోట పెట్టలేం మాస్టారుగారూ, అంత చేదు. మజ్జిగలోనో ఉప్పునీళ్ళలోనో రోజుల తరబడి నానేసి, కడిగి, ఎండబెట్టాలి. మా అత్తగారు ముళ్ళలో చెయ్యి పెట్టి కోసేవారు. మండువేసవి మరి. వేళ్ళు చూస్తే ఏడుపొచ్చేది" అని చెప్పెను. కేరు, సాంగ్రీ, కుమట గింజలు, ఎండిన విరిగికాయలు, ఎండుమిరపయో మామిడి ఒరుగో చేర్చి చేయు కూరకు పంచకూట యని పేరు. ఇంటింటికి పాలు మాఱును. నీరు తక్కువ, నూనె యెక్కువ. కావున నాలుగు దినములైనను చెడదు. పొయ్యి వెలిగింపని శీతలాదేవి పండుగనాడు దానినే తిందురు. పులుపునకు చింతపండు లేదు. మన బుడమకాయ వంటి కాచ్రీని ఎండబెట్టి పొడిచేసి వేయుదురు. సజ్జపిండిని మజ్జిగలో కలిపి పులియబెట్టి కాచినది రాబ్డీ. మన ముసలివారి అంబలికి అక్కగారు. నీరు దొరకనిచోట మజ్జిగయే నీరు. ఈ వంటలో ఒక్కొక్క క్రియకును కారణ మున్నది. మన పాకశాస్త్రము ఇంత తర్కబద్ధమా యని నాకు సందేహము.

ఇట్టిదానిని ఎవరు తక్కువ చేసిరి? మొదట పెద్దరికము. వియ్యమందునపుడు "వారింట మూడు పూటలా వరియన్నమే" యని గొప్ప చెప్పుకొనిన మనమే సజ్జను కూలివాని కూడు చేసితిమి. మార్వాడమున గోధుమరొట్టె అదే పని చేసెను. 2023వ సంవత్సరమును ఐక్యరాజ్యసమితి చిరుధాన్యముల సంవత్సరమని ప్రకటింపగానే, మధుమేహము వచ్చిన బాబుగారు కొఱ్ఱలను మందుగా కొనుచున్నారు. కూలివాడు తిన్నచో దరిద్రము, బాబుగారు తిన్నచో పథ్యము!

రెండవది దొరతనము. అమెరికా ఖండమునుండి వచ్చిన సర్కారుతుమ్మను 1940లో జోధపుర సంస్థానము రాజవృక్షముగా ప్రకటించి కాపాడెను. అది జమ్మికి దాయాది వంటిదే. నేడు ఎడారిలో దేశవాళి చెట్లకు చోటు లేకుండ అల్లుకొన్నది. వింత యేమన, ఆ జాతి చెట్ల కాయలను సొనోరా ఎడారిలోని ఓధమ్ ప్రజలు దంచి పిండిచేసి తినుచుండిరి. చెట్టును తెచ్చినవారు దాని వంటను తేలేదు. ఎడారిలో వంట యున్నదని వారికి తోచినగదా!

1958లో త్రవ్వ నారంభించిన రాజస్థాన కాలువ, 1984లో ఇందిరాగాంధి పేరు దాల్చినది, పంజాబు నీటిని థారునకు తెచ్చెను. దానిని నిందింపను, బిందె నెత్తిన పెట్టుకొని క్రోసులు నడచిన స్త్రీకి ఇంటివద్ద నీరు వచ్చుటకంటె పుణ్యకార్య మేది? కాని నీరు వచ్చినచోటెల్ల ప్రత్తి, గోధుమ, వేరుశనగయే సేద్యమని నేర్పిరి. కొన్నిచోట్ల నేల చౌడెక్కి నీరు నిలిచి పాడయ్యెను. ఇప్పుడు సౌరవిద్యుత్తు వంతు. ఆ దేశపు ఎండ గొప్పదే, విద్యుత్తు కావలసినదే. కాని పలకలు పఱచుటకై ఖేజడీలను నఱకుచున్నారని బికానేరు వైపు జనులు ఈ మధ్య సంవత్సరములలో వీధి కెక్కవలసి వచ్చెను. అడిగినచో "బంజరు భూమియే కదా" యని సమాధానము. ఏడవ తరగతిలో మేము నేర్పిన పాఠమే ఆ యధికారి నోట పలుకుచున్నది.

ఒక మిత్రుడు నన్నాక్షేపించెను: "ఆకలితిండిని అమృతమనుచున్నావు. కఱవులో జమ్మిబెరడు పిండిచేసి తిన్నవారి మనుమలు గోధుమ తినరాదా?" ఈ యాక్షేపణ తేలికైనది కాదు. విక్రమశకము 1956లో, అనగా 1899–1900 నాటి ఛప్పనియా కఱవు పేరు చెప్పిన మార్వాడపు ముసలివారు నేటికిని తల పట్టుకొందురు. బెరడు తినుటను ఘనతగా చెప్పువాడు మూఢుడు. చౌకధాన్యపు దుకాణము మూయుమని నేననను. కాని బెరడు నిర్బంధము, సాంగ్రీ విద్య. రెంటిని ఒక్క గాట కట్టి, విద్యను దరిద్రముతో పాటు విడిచివేయుమనుట న్యాయము కాదు. ఆ కూరయే నేడు పట్టణపు భోజనశాలలలో రాజభోగమై, ఎండుసాంగ్రీ జీడిపప్పుతో సరితూగు ధర పలుకుచున్నది. ముళ్ళలో చేయి పెట్టినదాని కందులో దక్కున దెంత యని యడుగుట సంస్కారుల పని కాదా? స్త్రీజనోద్ధరణమని సభలు చేయు మనము, స్త్రీలు తరతరములుగా నిలిపిన ఈ శాస్త్రమును ఏ సభలోనైన పేర్కొంటిమా?

ఈ సంవత్సరము పరీక్షలో ఆ ప్రశ్న తీసివేసి, "థారు ఎడారిలో పండు వానిలో ఐదింటి పేర్లు వ్రాయుము" అని యిచ్చితిని. ముందుగా పాఠము చెప్పియే యిచ్చితిని లెండి. ప్రధానోపాధ్యాయుడు జవాబుపట్టికలో లేదని గొణిగెను. పైతరగతికి పోయిన ఆ బాలుని పిలిచి, మూల్యాంకనమునకు ముందు నా జాబితా చూపితిని. వాడు చదివి, "గోరుచిక్కుడు మరిచిపోయారండీ" యనెను. పాఠములో చెప్పితిని కాని, జాబితాలో నిజముగానే మఱచితిని. వ్రాసి చేర్చితిని. పేపర్లు పంచిన దినమున, అది మన పెరటికాయ కదా, ఎడారిది ఎట్లగునని పిల్లలు గంట కొట్టువఱకు నాతో వాదించిరి.