మట్టి లేని సాగు: ఇంటి కూరకు సరే, అప్పు చేసి వద్దు



మట్టి లేకుండా నీళ్లలోనే పంట తీయొచ్చనే మాట ఈమధ్య మన ఊళ్లలోనూ వినిపిస్తోంది. ఎకరం పొలంలో రాని ఆదాయం పది సెంట్ల షెడ్డులో వస్తుందని ఏజెంట్లు చెబుతున్నారు. చదువుకుని ఇంటి దగ్గరే ఉన్న మన పిల్లలు ఆశపడుతున్నారు. ఆ ఆశను మేము తప్పుపట్టం. లక్షల అప్పు పత్రం మీద సంతకం పెట్టే ముందు పెరట్లో ఒక్క బకెట్టు పెట్టి చూడమంటున్నాం.

ఇది కొత్త విద్యేమీ కాదు. 1946లోనే షాల్టో డగ్లస్ అనే ఆయన బెంగాల్‌లోని కాలింపాంగ్‌లో ఈ సాగు మొదలుపెట్టారు. తర్వాత హవాయి విశ్వవిద్యాలయ శాస్త్రవేత్త క్రాట్కీ మోటారు, కరెంటు అక్కర్లేని పద్ధతిని ప్రచారంలోకి తెచ్చారు. మా కమిటీ సభ్యులం నాలుగు ఇళ్లలో పెట్టి చూసింది ఆ పద్ధతినే.

మూత ఉన్న పదిహేను, ఇరవై లీటర్ల బకెట్టు శుభ్రంగా కడగాలి. మూతకు బెజ్జాలు చేసి, అడుగున రంధ్రాలున్న చిన్న కప్పులు దించాలి. ఉప్పు పోయేలా కడిగిన కొబ్బరి పొట్టు కప్పులో నింపి నారు పెట్టాలి. మన ఉద్దానంలో కొబ్బరికి కొదవ లేదు. పోషకాలు కలిపిన నీళ్లు మొదట కప్పు అడుగుకు తగలాలి. మొక్క తాగేకొద్దీ నీటిమట్టం దిగుతుంది. పైన ఖాళీలో ఉన్న వేర్లు గాలి పీల్చుకుంటాయి. అందుకని మళ్లీ అంచుదాకా నింపకూడదు.

యూరియా, డీఏపీ వేస్తే కుదరదు. పొలంలో యూరియాను మొక్క తీసుకునే రూపంలోకి మార్చేది మట్టిలోని సూక్ష్మజీవులు. బకెట్టులో అవి అలా పనిచేయవు. ఈ సాగు కోసమే ఏ, బీ అని రెండు సీసాల్లో పోషకాలు దొరుకుతాయి. ఆ రెంటినీ నీళ్లు లేకుండా నేరుగా కలిపితే కాల్షియం విరిగి అడుగున పేరుకుంటుంది. ఒకటి నీళ్లలో కలిశాకే రెండోది పోయాలి. నీటి పీహెచ్ 5.5 నుంచి 6.5 మధ్య ఉండాలి. ఉప్పు బోరు నీళ్లు పనికిరావు.

మొదటిసారి మా పంట పోయింది. తెల్ల బకెట్టులోకి వెలుతురు దూరి నాచు పట్టింది, ఎండకు నీళ్లు కాగి వేర్లు కుళ్లాయి. బకెట్టుకు నల్లరంగు, పైన సున్నం పూసి, మధ్యాహ్నం నీడ పడే చోట పెట్టాక తోటకూర, పాలకూర, పుదీనా బాగా వచ్చాయి. దోమ గుడ్లు పెట్టకుండా మూత బిగువుగా ఉండాలి.

కూర ఖర్చు కొంత తగ్గింది. అంతకుమించి ఆదాయం వచ్చిందని మేము చెప్పం. ఏజెంట్లు చూపించే లెట్యూస్ విశాఖ హోటళ్లలో అమ్ముడవుతుందేమో, మన సంతలో ఎవరు కొంటారు? ఆమదాలవలస సహకార చక్కెర కర్మాగారం మూతపడ్డప్పుడు, కొనేవాడు లేని పంట గతేమిటో మన చెరకు రైతులు కళ్లారా చూశారు. ఆ పాఠం మరవొద్దు.

అందుకే మూడు విషయాలు అడుగుతున్నాం. ఆమదాలవలస కృషి విజ్ఞాన కేంద్రం ఇలాంటి బకెట్టు సాగును మన ఆడపడుచులకు, భూమి లేని కుటుంబాలకు చేసి చూపించాలి. పెద్ద షెడ్లకు అప్పులిచ్చే బ్యాంకులు, కొనుగోలుదారు రాతపూర్వక ఒప్పందం చూశాకే ఇవ్వాలి. కొత్త సాగు పేరు చెప్పి, వంశధార, నాగావళి కాలువల చివరి భూములకు అందాల్సిన నీటి మాట పక్కన పెట్టకూడదు.

బకెట్టు పెరటికి చాలు. జిల్లాకు అన్నం పెట్టేది మట్టే. ఆ మట్టికి నీళ్లు, పంటకు ధర దక్కేదాకా మన పోరాటం ఆగదు.