కుర్చీకి కట్టే బిల్లు

హైదరాబాద్ బంజారాహిల్స్‌లో కాస్త పేరున్న కాఫీ షాపులో కప్పు కాపుచినో 250 రూపాయలకు అటూ ఇటూగా ఉంటోంది. అందులో పడేది 18 గ్రాముల కాఫీ పొడి. వేయించిన మేలురకం గింజలు కిలో 1,200 రూపాయలకు కొన్నా ఆ పొడి ఖరీదు 22 రూపాయలు మించదు. పాలకు పదీ పన్నెండు, చక్కెరకు, కప్పుకు, కాగితాలకు మరో పది వేసుకుందాం. మొత్తం నలభై అయిదు. తక్కిన రెండొందల పైచిలుకు మనం కూర్చున్న కుర్చీకి, నెత్తిమీద ఏసీకి, కాఫీ కలిపిచ్చిన కుర్రాడి జీతానికి, పన్నుకు, తెచ్చిన అప్పు మీద వడ్డీకి, అన్నిటికంటే ముందు ఆ జాగా అద్దెకు పోతుంది. ఇంత ధర పెట్టి అమ్మేవాడు కోట్లు వెనకేసుకుంటున్నాడనుకోవడం సహజం. ఖాతాలు చూస్తే కథ వేరుగా ఉంది.

టాటా, స్టార్‌బక్స్ చెరిసగం పెట్టుబడితో నెలకొల్పిన కంపెనీ 2012 అక్టోబరులో ముంబయి హార్నిమన్ సర్కిల్‌లో తొలి దుకాణం తెరిచింది. 2024 మార్చి నాటికి దుకాణాలు 421. ఆ ఆర్థిక సంవత్సరంలో ఆదాయం 1,218 కోట్ల రూపాయలు, నష్టం దాదాపు 80 కోట్లు. సగటున ఒక్కో దుకాణం ఏడాదికి మూడు కోట్లు, రోజుకు 80 వేల రూపాయలు అమ్మినట్టు. ఆ అమ్మకం కూడా ఖర్చులకు చాలలేదు. కొత్త దుకాణాలు తెరిచే ఖర్చు ఈ నష్టంలో కొంత ఉన్న మాట నిజమే. కానీ పుష్కరకాలం కావస్తున్నా పాత దుకాణాల లాభం కొత్తవాటి ఖర్చును మోయలేకపోతోందంటే ఇబ్బంది వ్యాపార నిర్మాణంలోనే ఉందనుకోవాలి. 2023లో ఇదే కంపెనీ 185 రూపాయల నుంచి మొదలయ్యే ‘పిక్కో’ అనే చిన్న కప్పును ఇక్కడి కోసమే తెచ్చింది. ధర తగ్గితే జనం పెరుగుతారు. కానీ చిన్న కప్పు కొన్నవారికీ కుర్చీ అంతే కావాలి, కూర్చునే సమయమూ తగ్గదు.

కెఫే కాఫీ డే సంగతి ఇంతకంటే బాధాకరం. రైతు పండించిన గింజంతా కాఫీ బోర్డుకే అప్పగించాల్సిన రోజుల్లో తోట యజమాని తన సరుకును తానే వేయించి కప్పులో పోసి అమ్మే వీలు లేదు. 1990లలో ఆ నిబంధన విడతలుగా సడలి 1996 నాటికి పూర్తిగా పోయింది. అదే ఏడాది బెంగళూరు బ్రిగేడ్ రోడ్డులో వి.జి. సిద్ధార్థ తొలి షాపు తెరిచారు. చిక్కమగళూరు తోటల నుంచి కప్పు దాకా అంతా ఒకే చేతిలో ఉన్న వ్యాపారం అది. గింజ విషయంలో ఆయనకున్నంత వెసులుబాటు ఈ దేశంలో కొద్దిమందికే ఉంటుంది. 2019 మార్చి నాటికి షాపులు 1,700 దాటాయి, మాతృసంస్థ కూటమి అప్పులు 7 వేల కోట్లు దాటాయి. ఆ అప్పంతా కాఫీ వల్ల వచ్చింది కాదు, టెక్ పార్కులూ సరుకు రవాణా వ్యాపారమూ అందులో ఉన్నాయి. ఆ ఏడాది జులైలో నేత్రావతి నది దగ్గర సిద్ధార్థ జీవితం ముగిసింది. తర్వాత కంపెనీ పగ్గాలు చేపట్టిన ఆయన భార్య మాళవికా హెగ్డే ఆస్తులమ్మి అప్పు తీరుస్తూ, గిట్టుబాటు కాని షాపులను మూసేస్తూ వచ్చారు. 2023 మార్చికి మిగిలినవి 469. ఈ ఉపద్రవంలోనూ ఆఫీసుల్లో పెట్టిన ఆ కంపెనీ కాఫీ యంత్రాలు 50 వేలకు దగ్గరగా నిలిచాయి. యంత్రం పెట్టిన చోటికి కంపెనీ అద్దె కట్టనక్కర్లేదు కదా!

నా దృష్టిలో ఈ వ్యాపారం బతుకూ చావూ గింజ ధర కంటే జాగా ధర చేతిలోనే ఎక్కువగా ఉంది. పాత చరిత్రా అదే చెబుతుంది. 1936లో బొంబాయి చర్చ్‌గేట్‌లో మొదలైన ఇండియా కాఫీ హౌస్‌లను 1950లలో కాఫీ బోర్డు మూసేస్తుంటే, కమ్యూనిస్టు నేత ఏ.కె. గోపాలన్ అండతో కార్మికులే సహకార సంఘాలుగా ఏర్పడి 1957 నుంచి నడుపుకొన్నారు. మల్లెపువ్వులాంటి తలపాగాల సర్వర్లతో, తక్కువ ధరలతో ఆ సంఘాలు దశాబ్దాలు నిలిచాయి. కేరళలో వైద్య కళాశాలల ఆవరణల్లో, తిరువనంతపురం తంపానూరు బస్టాండు పక్కన లారీ బేకర్ కట్టిన మెలికల భవనంలో నేటికీ జనం కిటకిటలాడుతుంటారు. బెంగళూరు ఎం.జి. రోడ్డులోని కాఫీ హౌస్ మాత్రం భవన యజమానితో కోర్టు వివాదంలో ఓడి 2009లో ఆ చోటు ఖాళీ చేసింది. అక్కడి కాఫీలో లోపమేమీ లేదు, జనమూ తగ్గలేదు. హైదరాబాద్, సికింద్రాబాద్ ఇరానీ హోటళ్లలో అనేకం కనుమరుగైంది కూడా ఇలాగే. కప్పు చాయ్, రెండు ఉస్మానియా బిస్కట్ల మీద గంటలకొద్దీ కూర్చోనిచ్చిన మూలమలుపు స్థలం, బట్టల షోరూముకో నగల దుకాణానికో ఇస్తే ఎన్నో రెట్లు రాబడి తెస్తుందని తేలిన రోజున గల్లాపెట్టె ఏం చేయగలదు?

కుర్చీ బరువు దించుకునే ప్రయత్నాలు ఇప్పుడు అంతటా కనిపిస్తున్నాయి. స్టార్‌బక్స్ ఉత్తర అమెరికాలో 2018 నుంచి ఎవరైనా వచ్చి కూర్చోవచ్చన్న విధానాన్ని 2025 జనవరిలో వెనక్కి తీసుకుని, కొన్నవారికే చోటు అంది. మన నగరాల్లో ల్యాప్‌టాప్ పెట్టుకుని ఒక కప్పు మీద పూటంతా గడిపేవారి విషయంలో షాపులు సతమతమవుతున్నాయి. పొమ్మంటే పేరు పోతుంది, ఉండమంటే బేరం పోతుంది. కొన్ని చైన్లు నిలబడి తీసుకెళ్లే చిన్న కౌంటర్ల వైపు, కొన్ని కాఫీ కంటే లాభం ఎక్కువుండే తిండి వైపు మళ్లుతున్నాయి. జెప్టో కెఫే లాంటివి కుర్చీ అన్నదే లేకుండా గోదాములో కాఫీ చేసి పది నిమిషాల్లో ఇంటికి పంపుతున్నాయి. లెక్కల్లో ఇది తెలివైన పనే. అయితే కాలేజీ పిల్లలకు, ఇంట్లో చదువుకునే చోటు లేనివారికి, ముఖ్యంగా ఆడపిల్లలకు, ఒంటరిగా ఓ గంట ఎవరి చూపులూ గుచ్చుకోకుండా కూర్చోవడానికి మన ఊళ్లలో ఎన్ని చోట్లున్నాయి? ఇరానీ హోటలు చాలావరకు మగవాళ్ల లోకం. కాఫీ షాపులు వచ్చాకే ఆ కొరత కొంతైనా తీరింది. అందుకే కుర్చీ మాయమవడాన్ని వ్యాపార వ్యవహారంగా మాత్రమే చూడలేను.

ప్రభుత్వం చేతిలో ఉన్నది ఒకటుంది. 2017 నవంబరు 15 నుంచి హోటళ్లపై జీఎస్టీని 5 శాతానికి తగ్గించి, ఇన్‌పుట్ ట్యాక్స్ క్రెడిట్ తీసేశారు. దుకాణం అద్దె మీద 18 శాతం పన్ను పడుతుంది. నెలకు 3 లక్షల అద్దె కట్టే షాపు దానిపై 54 వేలు పన్ను కడుతుంది. కస్టమర్ల నుంచి వసూలైన పన్నులో దాన్ని సర్దుబాటు చేసుకునే వీలు లేదు. కాఫీ యంత్రం మీద, డెలివరీ యాప్ కమీషన్ మీద కట్టే పన్నూ అంతే, తిరిగి రాదు. క్రెడిట్ కావాలనేవారికి ఎక్కువ పన్ను రేటుతో ఆ సౌకర్యం ఎంచుకునే అవకాశమివ్వాలని జాతీయ రెస్టారెంట్ల సంఘం అడుగుతూనే ఉంది. న్యాయమైన కోరికే. 2025 సెప్టెంబరు 22 నుంచి ఇన్‌స్టంట్ కాఫీపై జీఎస్టీ 18 నుంచి 5 శాతానికి దిగింది. ఇంట్లో తాగేవారికి, దుగ్గిరాల నుంచి ప్రపంచానికి ఇన్‌స్టంట్ కాఫీ ఎగుమతి చేస్తున్న సీసీఎల్ లాంటి సంస్థలకు అది మంచి కబురు. అద్దె కడుతున్న షాపుకు మాత్రం దానితో ఒరిగేది పెద్దగా లేదు.

ఇక గింజ ధర. బ్రెజిల్‌లో, వియత్నాంలో కరవు వల్ల న్యూయార్క్ మార్కెట్లో అరబికా 2024 మొదట్లో పౌను రెండు డాలర్ల లోపు ఉన్నది 2025 ఫిబ్రవరికి నాలుగు డాలర్లు దాటింది. మన దేశం పండించే దాదాపు మూడున్నర లక్షల టన్నుల్లో అధిక భాగం ఎగుమతికే పోతుంది కాబట్టి ఇక్కడి ధరా దాని వెంటే నడుస్తుంది. ఆ దెబ్బ ఎవరికి తగిలిందో చూడండి. పొడి కిలోకు 300 రూపాయలు పెరిగిందనుకుందాం. 250 రూపాయల కాపుచినో మీద పడే అదనపు భారం అయిదున్నర రూపాయలు, ధరలో రెండు శాతం. పది గ్రాముల పొడితో 25 రూపాయలకు ఫిల్టర్ కాఫీ ఇచ్చే కొట్టుకు పడే భారం మూడు రూపాయలు, అంటే ధరలో 12 శాతం. వీధి బేరంలో మూడు రూపాయలు పెంచడం తేలిక కాదు. పెంచలేని చోట చికోరీ పెరుగుతుంది. నిబంధనల ప్రకారం మిశ్రమంలో చికోరీ 49 శాతం దాకా ఉండొచ్చు, ప్యాకెట్ మీద ఆ పాళ్లు రాయాలి. గ్లాసులో పోసిచ్చే కాఫీకి అలాంటి చీటీ ఏమీ ఉండదు. గింజ మండినప్పుడు ముందు నలిగేది ఈ చిన్న కొట్టే, పెద్ద షాపు కాదు.

మరి పండించినవారికి? పాడేరు, అరకు కొండల్లో గిరిజన రైతుకు పార్చ్‌మెంట్ (పొట్టుతో ఉన్న) గింజ కిలో 400 రూపాయలు పలికిందనుకుందాం. పొట్టు తీసి, వేయించేసరికి తరుగు పోతుంది గనుక 18 గ్రాముల పొడికి దాదాపు 26 గ్రాముల పార్చ్‌మెంట్ కావాలి. రైతుకు చేరేది పదిన్నర రూపాయలు. 2019లో భౌగోళిక గుర్తింపు పొందిన కాఫీ, 2017లోనే పారిస్‌లో దుకాణం చూసిన కాఫీ, పండించిన చేతికి 250లో పది రూపాయలే ఇస్తోంది. ధర పెరిగిన సంతోషం నిలవకముందే 2025లో ఆ తోటల్లో కాయతొలుచు పురుగు కనబడింది. ముప్పై అయిదేళ్లుగా కర్ణాటక, తమిళనాడు తోటలను వేధిస్తున్న పురుగు అది.

రైతు వాటా పెరగాలన్నా, చిన్న కొట్టు నిలవాలన్నా చవకగా దొరికే జాగా కావాలి. అది ఉన్నది ప్రభుత్వం దగ్గరే. బస్టాండ్లలో స్టాళ్లను ఎక్కువ పాడినవారికి కట్టబెట్టే పద్ధతిలో ఆ అద్దె భారమంతా చివరకు కప్పు నాణ్యత మీద పడుతోంది. 2025 మార్చిలో పార్లమెంటు ఆవరణలో అరకు కాఫీ స్టాల్ పెట్టించుకోగలిగాం. విజయవాడ బస్టాండులో, గుంటూరు సర్వజనాసుపత్రిలో, విశ్వవిద్యాలయాల ప్రాంగణాల్లో గిరిజన సహకార సంస్థకో, రైతు సంఘాలకో, మహిళా సంఘాలకో నామమాత్రపు అద్దెకు, కనీసం పదేళ్ల ఒప్పందంతో, ఇరవై కుర్చీలు పట్టే చోటివ్వడం అంతకంటే కష్టమైన పని కాదు. పాట లేకుండా కేటాయించే వీలు కల్పిస్తూ ఆర్టీసీ, వైద్య, ఉన్నత విద్యా శాఖలు ఉత్తర్వులిస్తే చాలు.