డప్పు తగ్గాలా? మాట పెరగాలా?

వార్షికోత్సవం దగ్గర పడిందంటే మన హాస్టళ్ళలో పాటల హడావుడి మొదలవుతుంది. ఒకప్పుడు పాట స్టేజీ మీద పాడితే అక్కడితో సరిపోయేది. ఇప్పుడు అదే పాటను రికార్డు చేసి, కంప్యూటర్‌లో మిక్సింగ్ చేసి, ఊళ్ళో ఉన్న అమ్మానాన్నలకు కూడా పంపుతున్నారు. ఇది సంతోషించాల్సిన విషయం. అయితే ఇలా తయారవుతున్న పాటల్లో చాలావాటికి ఒక జబ్బు ఉంది. డప్పు వినపడుతుంది, మాట వినపడదు. ఎవరి కష్టం గురించి పాట కట్టారో ఆ కష్టం చెప్పే చరణమే దరువు కింద మునిగిపోతుంది.

దీనికి మనవాళ్ళు రెండు మందులు చెబుతారు. డప్పు తగ్గించాలని కొందరు, గొంతు పెంచాలని కొందరు. డప్పు తగ్గించమంటే వాయించిన తమ్ముడికి కోపం వస్తుంది. ఆ కోపంలో న్యాయం ఉంది. సావుకూ జాతరకూ పిలిచి, పని అయ్యాక దూరంగా నిలబెట్టిన వాద్యం అది. దాన్ని మన చేతులతో మనమే ఎందుకు తగ్గించాలి? సరే, గొంతు పెంచుదామంటే, పల్లవిలో అరిచినట్టు ఉంటుంది, చరణం చివర మాట మాత్రం అప్పుడూ వినపడదు. నా అభిప్రాయం ఏమిటంటే, తగాదా డప్పుకూ గొంతుకూ మధ్య లేదు. నాలుగు నిమిషాల పాట మొత్తానికీ ఒకే లెవెల్ పెట్టాలనుకోవడం దగ్గరే చిక్కు ఉంది. ఆ చిక్కు విప్పడానికి వచ్చిందే ఆటోమేషన్.

మిక్సర్ మీద పైకీ కిందికీ జరిపే మీటను ఫేడర్ అంటారు. గొంతుకు ఒకటి, కోరస్‌కు ఒకటి, డప్పుకు ఒకటి ఉంటాయి. పూర్వం పెద్ద పెద్ద స్టూడియోల్లో కూడా పాట నడుస్తుండగా ఇంజనీరుకు రెండు చేతులు చాలక, పక్కన మరో ఇద్దరు నిలబడి తలా ఒక ఫేడర్ జరిపేవారు. ఒక్కరు తప్పినా మళ్ళీ మొదటి నుంచి చేయాల్సిందే. 1970ల చివరలో బ్రిటన్‌కు చెందిన నీవ్ కంపెనీ 'నెకామ్' అనే ఏర్పాటు తెచ్చింది. మనిషి ఒకసారి ఫేడర్ జరిపితే కంప్యూటర్ దాన్ని గుర్తుంచుకుని, మళ్ళీ పాట వేసినప్పుడు మోటారుతో అదే విధంగా జరిపేది. 1991లో వచ్చిన ప్రో టూల్స్, ఆ తర్వాత వచ్చిన సాఫ్ట్‌వేర్ల వల్ల ఈ పని మామూలు కంప్యూటర్ల దాకా వచ్చింది. ఇక్కడ గమనించాల్సింది ఒకటే. ఆటోమేషన్ అనే పేరు విని యంత్రమే అంతా చేసేస్తుందని అనుకుంటాం. కానీ అది చేసేది జ్ఞాపకం పెట్టుకోవడం మాత్రమే. జరిపే చెయ్యి మనదే.

మన పాటకే అన్వయించి చూద్దాం. డప్పును మంటకు కాచి పట్టుకొస్తారు. మొదట సిర్ర దెబ్బ ఖంగున పలుకుతుంది. పాట సగానికి వచ్చేసరికి తోలు చల్లారి మెత్తబడుతుంది. పాడేవాడికి పల్లవిలో ఉన్న ఊపిరి చరణం ఆఖరి మాటకు ఉండదు. అంటే రెండూ నిలకడగా ఉండేవి కావు. అలాంటప్పుడు ఫేడర్లు మాత్రం నిలకడగా ఎందుకు ఉండాలి? మాట నడిచేటప్పుడు డప్పును నాలుగు డెసిబెల్స్ దించండి. మాట ఆగగానే పూర్తిగా వదలండి. చరణం చివర ఊపిరి తగ్గే చోట గొంతును మూడు డెసిబెల్స్ ఎత్తండి. వినేవాడికి డప్పు తగ్గినట్టే అనిపించదు. తన వంతు వచ్చినప్పుడు అది ఊరంతా వినపడేలా మోగుతుంది కదా! గద్దరన్న సభల్లో పాట విన్నవాళ్ళకు ఈ సంగతి వేరే చెప్పనక్కరలేదు. మాట వచ్చేటప్పుడు వాద్యం ఒదిగి ఉండటం, మాట ఆగగానే లేవడం మన ఆటపాటల్లో ఎప్పటి నుంచో ఉన్న పద్ధతే. సాఫ్ట్‌వేర్ దాన్ని గీత గీసి చూపిస్తుంది, అంతే.

ఇలా మాట మాటకూ సరిచేసి, తీరా ఆటోలోని స్పీకర్‌లో వేసి చూస్తే గొంతు మొత్తంగా కొంచెం తక్కువగా ఉందనిపిస్తుంది. కొత్తగా నేర్చుకునే తమ్ముళ్ళు ఇక్కడే అవస్థ పడతారు. ఫేడర్ పైకి జరిపి ప్లే చేస్తే అది మళ్ళీ పాత చోటికే వెళ్ళిపోతుంది. ఎందుకంటే అది 'రీడ్'లో ఉంది, మనం ముందు రాసిందే చదువుతుంది. విసుగొచ్చి 'రైట్'లో పెడితే, రెండు గంటలు కూర్చుని రాసినదంతా చెరిగిపోతుంది. 'టచ్' పట్టుకున్నంత సేపే రాసుకుని, వదలగానే పాత గీతకు తిరిగి వెళ్తుంది. 'లాచ్' వదిలిన చోటే నిలబడిపోతుంది. ఈ నాలుగింటి తేడా తెలిస్తే సగం పని వచ్చినట్టే.

గొంతు మొత్తం పెంచాలంటే వాడాల్సింది ఆఫ్‌సెట్. కొన్నిచోట్ల దీన్ని ట్రిమ్ అంటారు. మైనస్ ఆరు దగ్గర ఉన్నది మైనస్ నాలుగుకు, మైనస్ మూడు దగ్గర ఉన్నది మైనస్ ఒకటికి వస్తుంది. గీత ఆకారం చెదరదు, గీత మొత్తం రెండు మెట్లు పైకి లేస్తుంది. ట్రిమ్ సదుపాయం లేని సాఫ్ట్‌వేర్‌లో ఆ ట్రాక్‌ను ఒక గ్రూపులోకి పంపి, గ్రూపు ఫేడర్‌ను జరిపినా అదే ఫలితం. ఉచితంగా దొరికే ఆడాసిటీలో ఎన్వలప్ పనిముట్టుతో గీత గీసి, ట్రాక్‌కు ఉన్న గెయిన్ మీట జరిపితే సరిపోతుంది. లైనక్స్ మీద ఆర్డర్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో టచ్, లాచ్ కూడా ఉన్నాయి. కాబట్టి డబ్బు లేదనే మాట ఇక్కడ చెల్లదు.

ఆఫ్‌సెట్‌కు రెండు హద్దులున్నాయి. మొదటిది పై హద్దు. డిజిటల్ లెక్కలో సున్నా దాటితే శబ్దం పగులుతుంది. మైనస్ ఒకటి దగ్గర ఉన్నదానికి మూడు కలిపితే గొంతు గరగరలాడుతుంది. అలాంటప్పుడు గొంతుకు రెండు కలపడానికి బదులు మిగతా వాటిలో రెండు తీసేయండి. తేడా అంతే వస్తుంది, పగలదు.

రెండోది కింది హద్దు. దీని మీద కొంచెం ఆగాలి. డెసిబెల్స్‌లో కూడటం అంటే అసలు శబ్దాన్ని గుణించడం. ఆరు కలిపితే దాదాపు రెండింతలు అవుతుంది. మరి ఫేడర్ పూర్తిగా కింద ఉండి, గొంతు సున్నాగా ఉన్న చోట? సున్నాను దేనితో గుణించినా సున్నాయేనని మన లెక్కల సార్లు చెప్పారు. అక్కడ ఎంత ఆఫ్‌సెట్ ఇచ్చినా ఒక్క మాట బయటికి రాదు. అక్కడికి వెళ్ళి, ఆ ఒక్క చోటును చేత్తో ఎత్తాల్సిందే. అందరికీ సమానంగా కలిపితే అదే న్యాయం కదా, వీళ్ళకు మళ్ళీ వేరేగా హాస్టళ్ళెందుకు అని అడిగేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. వాళ్ళకు ఈ లెక్క చూపించవచ్చు.

ఇవన్నీ సినిమావాళ్ళ పనులు, మనకెందుకనే మాట కూడా వింటుంటాం. మన జహీరాబాద్‌లో పుట్టినవాళ్ళు ఆ మాట అనకూడదు. పస్తాపూర్‌లోని డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ ఆధ్వర్యంలో 1990ల చివరలోనే యునెస్కో సాయంతో మాచ్‌నూర్‌లో రేడియో ఏర్పాట్లు జరిగాయి. గాలి తరంగాలు ప్రజల ఆస్తి అని సుప్రీంకోర్టు 1995లోనే చెప్పినా, స్వచ్ఛంద సంస్థలకు రేడియో పెట్టుకునే వీలు 2006లో గానీ రాలేదు. చివరికి 2008 అక్టోబర్ 15న 90.4 మీద సంగం రేడియో మొదలైంది. దాన్ని నడిపింది జనరల్ నర్సమ్మ, ఆల్గోల్ నర్సమ్మ వంటి దళిత మహిళలు. విత్తనాల ముచ్చట్లు, పండుగ పాటలు వాళ్ళ యాసలోనే రికార్డయ్యాయి. వాళ్ళు అడుగుపెట్టిన గదిలోకి చదువుకున్న మనం వెనకాడటం ఏం బాగుంటుంది?

ఇప్పుడు ఒక్క బటన్ నొక్కితే తనే మిక్సింగ్ చేసిపెట్టే సాఫ్ట్‌వేర్లు కూడా వచ్చాయి. తొందర పని ఉంటే వాడుకోండి, తప్పులేదు. కానీ వలసపోయిన నాన్న గురించి కట్టిన పాటలో ఏ మాట దగ్గర అమ్మ కళ్ళు తుడుచుకుంటుందో దానికి తెలియదు. తెలిసినవాడే ఫేడర్ పట్టుకోవాలి.

అందుకే నాది ఒక ప్రతిపాదన. పూర్వ విద్యార్థులం కలిసి హాస్టల్‌కు ఒక పాత కంప్యూటర్, ఒక మంచి మైకు, ఒక జత హెడ్‌ఫోన్లు ఇద్దాం. ప్రతి సంవత్సరం పదో తరగతి తమ్ముళ్ళు తొమ్మిదో తరగతి వాళ్ళకు ఈ పని నేర్పాలి. నియమం ఒకటే పెట్టుకుందాం. మిక్సింగ్ అయిన పాటను ముందు ఆ పాట తెలియని ఒకరికి వినిపించాలి. విన్నవాళ్ళు ప్రతి చరణంలోని మాటలూ తిరిగి చెప్పగలిగితేనే పాట బయటికి పంపాలి. చెప్పలేకపోతే, వినపడని ఆ మాట దగ్గరికే వెళ్ళి ఫేడర్ ఎత్తాలి.

– ఒక పూర్వ విద్యార్థి