పండు అమ్ముకుంటున్నాం, తొక్క పారేస్తున్నాం



తాండూరులో ఏ పప్పు మిల్లుకైనా పోయి చూడండి. కందులు పప్పు అయినంక పొట్టు ఒక సంచిలో, నూక ఇంకో సంచిలో పోస్తారు. రెండూ పశువుల దాణాకు అమ్ముడుపోతాయి. కంది గింజలో ఏదీ వృథా కానియ్యని మనమే, పండ్ల దగ్గరికి వచ్చేసరికి తొక్కను చెత్తకుప్పలో వేస్తున్నాం.

బత్తాయి రసం తీస్తే పండు బరువులో దాదాపు సగం తొక్క, పిప్పే మిగులుతుంది. ఆ తొక్కలో ఏముందో మనకు చిన్నప్పుడే తెలుసు. కమలా తొక్క తోటివాళ్ల కళ్ల ముందు పిండి ఏడిపించేవాళ్లం కదా! కళ్లు మండించిన ఆ తుంపరే తొక్క నూనె. అందులో ఎక్కువ భాగం లిమోనీన్. సబ్బులకు, సువాసనలకు వాడతారు. లోపలి తెల్లటి పొరలో పెక్టిన్ ఉంటుంది. జామ్ గట్టిపడేది దానితోనే. దానిమ్మ తొక్కలో టానిన్లు. పెడన కలంకారీ అద్దకంలో పసుపు రంగుకు దానిమ్మ తొక్క వాడతారు.

చాలామంది ఈ తొక్కలన్నీ కలిపి బయో ఎంజైమ్ చేస్తున్నారు. బెల్లం 1 వంతు, తొక్కలు 3 వంతులు, నీళ్లు 10 వంతులు, మూడు నెలలు. చేయండి, తప్పు లేదు. ఇల్లు కడగడానికి బాగుంటుంది. కానీ అది ముఖ్యంగా పులిసిన ఆమ్లం. తొక్క నూనె నీళ్లలో సరిగా కరగదు. కాబట్టి తొక్కలోని సారమంతా సీసాలోకి వచ్చిందనుకోవద్దు. అన్ని తెగుళ్లకూ అదే మందు అని చెప్పేవాళ్లను నమ్మొద్దు.

నా అభిప్రాయం ఒక్కటే. ప్రకృతి వ్యవసాయం చేసే రైతు పండుకు, మామూలు పండుకు పెద్ద తేడా తొక్కలోనే ఉంది. పురుగుమందు పడేది, ఎక్కువగా నిలిచేది తొక్క మీదే. నూనెలో కరిగే మందులైతే తొక్క నూనె తీసినప్పుడు అందులోకి చేరే అవకాశం ఉంది. మందు కొట్టని మన తొక్క అందుకే విలువైనది. కానీ మనం పండును అట్లనే పట్నం పంపుతున్నాం, తొక్క అక్కడ జ్యూస్ బండి పక్కన కుప్పలో పడుతోంది.

ఒక్క రైతుతో ఇది అయ్యే పని కాదు. పచ్చి తొక్క ఎంత ఉన్నా అందులోంచి వచ్చే నూనె చాలా తక్కువ. అందుకే గుంపుగా చేయాలి. వికారాబాద్, తాండూరు వైపు రైతు సంఘాలు రసం, గుజ్జు ఊర్లోనే తీసే ఏర్పాటు చేసుకుంటే తొక్క మన దగ్గరే ఉంటుంది. నిమ్మగడ్డి నూనె తీసే ఆవిరి యంత్రంలోనే బత్తాయి తొక్క నూనె కూడా తీయొచ్చు. కొనే ముందు హైదరాబాద్ బోడుప్పల్‌లోని సీమ్యాప్ కేంద్రంలో అడగండి. దానిమ్మ తొక్కకైతే యంత్రమే అక్కర్లేదు. నీడలో ఎండబెట్టి, బూజు పట్టకుండా దాచి, సహజ రంగులు అద్దేవాళ్లతో ముందే మాట్లాడుకోవాలి.

నూనె తీసినంక మిగిలిన పిప్పి ఎరువుకే పోతుంది. పచ్చి బత్తాయి తొక్క వానపాములకు పడదు, నూనె తీసిన తొక్కతో ఆ బాధ తక్కువ. అంటే భూమికి ఇచ్చేది ఏమీ తగ్గదు.

ఆవిరితో నూనె తీసే విధానం వీడియోలో చూడండి. చూసి ఊరుకోకండి, వచ్చే సంఘం మీటింగ్‌లో ఈ మాట ఎత్తండి.