కోసి ఇచ్చిన కాలేయం మళ్ళీ పెరుగుతుందా?

ప్రశ్న: నా వయస్సు 34. ఇద్దరు పిల్లలు. మా అన్నయ్యకు కాలేయం గట్టిపడి పూర్తిగా చెడిపోయింది. నా కాలేయంలో కొంత ఇవ్వడానికి పరీక్షలన్నీ సరిపోయాయి. కోసిన భాగం మళ్ళీ పెరుగుతుందంటున్నారు, నిజమేనా? జింకు మాత్రలు వాడితే త్వరగా పెరుగుతుందని మావారు అప్పుడే రెండు సీసాలు తెచ్చారు. వాడమంటారా?
– ఒక సోదరి, తెనాలి

జవాబు: నిజమేనమ్మా. అయితే తెగిన భాగం కొమ్మలా తిరిగి మొలవదు. మిగిలిన భాగమే పెద్దదై లోటు పూడుస్తుంది. సగానికి పైగా ఇచ్చినా, ఆరోగ్యవంతులకు రెండు మూడు నెలల్లో ఇంచుమించు పూర్వపు పరిమాణానికి వస్తుంది.

ఈ పని మొదలు కావడానికి రోగనిరోధక కణాలు తోడ్పడతాయి. కాలేయంలో కుప్ఫర్ కణాలని కాపలా కణాలుంటాయి. పేగుల నుంచి రక్తంలో వచ్చే సూక్ష్మజీవులను మింగెయ్యడం వీటి నిత్యకృత్యం. కాలేయంలో కొంత పోగానే ఇవి కొన్ని రసాయనాలను విడుదల చేస్తాయి. ఆ కబురందగానే కాలేయ కణాలు విభజనకు సిద్ధమవుతాయి.

ఒక కణం రెండు కావాలన్నా, రోగనిరోధక కణాలు సరిగా పనిచెయ్యాలన్నా జింకు కావాలి. ఇది గోడకు సిమెంటు లాంటిది. లేకపోతే గోడ లేవదు. అలాగని పది బస్తాలు ఎక్కువ తెచ్చి పడేస్తే గోడ త్వరగానూ లేవదు. మీ అన్నయ్యగారి వంటి రోగులకు జింకు మూత్రంలో పోయి తగ్గిపోవడం మామూలే. వారికి డాక్టరు చూసి ఇస్తారు. మీకు లోటుందని తేలితే తప్ప ఆ సీసాల అవసరం లేదు. ఎక్కువ రోజులు అతిగా వాడితే ఒంట్లో రాగి తగ్గి రక్తహీనత, నరాల జబ్బు వస్తాయి.

స్త్రీలకు రోజుకు సుమారు 13 మిల్లీగ్రాముల జింకు చాలు. మాంసం, గుడ్లు, పప్పులు, నువ్వులు, వేరుశనగల్లో ఇది దొరుకుతుంది. గింజల్లోని ఫైటేట్ అనే పదార్థం జింకును ఒంటికి పట్టనివ్వదు. నానబెట్టి మొలకెత్తించినా, పిండి పులియబెట్టినా అది తగ్గుతుంది. అందుకే మొలకెత్తిన పెసలు, ఇడ్లీ మేలు. ఆపరేషనయ్యాక పథ్యం పేరుతో చారన్నంతో సరిపెట్టకండి.

ఒక్క మాట. కాలేయం పెరుగుతుంది గాని ఇది పెద్ద ఆపరేషన్. దాతకు ప్రమాదం తక్కువే, అసలు లేదనలేం. అన్నీ అడిగి తెలుసుకోండి. మనసొప్పకపోతే చివరి క్షణంలోనైనా వద్దనే హక్కు మీకుంది.